ఏటీ-ఎల్‌పీ60ఎక్స్: అరవైల అమ్మాయిల 45లకు బెజవాడలో ఈ ప్లేయర్ సరిపోతుందా?

అరవైల అమెరికా అమ్మాయిల పాటల బృందాలు రోనెట్స్, షిరెల్స్, క్రిస్టల్స్, షాంగ్రీ-లాస్. ఫ్రాన్స్ నుంచి ఫ్రాన్స్వాజ్ ఆర్డీ, ఫ్రాన్స్ గాల్. మన ఉపఖండం నుంచి నాజియా హసన్. ఈ గొంతుల కోసం రికార్డులు వెతికేవాళ్లకి కావాల్సింది గొప్ప ప్లేయర్ కాదు, చేతికొచ్చిన రికార్డును అరగదీయని ప్లేయర్. ఈ కొలతతో చూస్తే ఆడియో-టెక్నికా వాళ్ల ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ కొనదగ్గదే. అయితే ఇంట్లో ఉన్నవి తాతగారి కాలం నాటి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులైతే దీని జోలికి వెళ్లొద్దు. ఆటోమేటిక్ కదా, అన్నీ అదే చూసుకుంటుందనుకున్నా మొదటి వారంలోనే సూది పోతుంది.

ముందు వస్తువు సంగతి. బెల్టుతో తిరిగే పూర్తి ఆటోమేటిక్ ప్లేయర్ ఇది. వేగాలు నిమిషానికి 33⅓, 45 చుట్లు మాత్రమే: మొదటిది పెద్ద ఎల్‌పీలకి, రెండోది 45లనే చిన్న సింగిల్స్‌కి. బరువు దాదాపు 2.6 కిలోలు. రికార్డు కూర్చునే పళ్లెం, అంటే ప్లాటర్, అల్యూమినియంది. సూది నుంచి వచ్చే పీల సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంది, వెనకున్న స్విచ్‌తో దాన్ని వాడుకోవచ్చు, పక్కన పెట్టొచ్చు. పెద్ద రంధ్రం ఉన్న 45ల కోసం అడాప్టర్ పెట్టెలోనే ఇస్తారు. సూదిని మోసే చేతికి వెనక బరువు తిప్పే ఏర్పాటు లేదు. ఫ్యాక్టరీలో ఎంత పెడితే అంతే. సూది బిగించే ఈ కార్ట్రిడ్జ్‌కి రికార్డు మీద తగిన బరువు రెండున్నర నుంచి మూడున్నర గ్రాములు. చవకరకం సూట్‌కేస్ ప్లేయర్లు ఐదారు గ్రాములు మోపుతాయి. 1963 నాటి 45ని వాటి మీద పెట్టడం అన్యాయం.

గుండ్రటి మొన ఎందుకు కలిసొచ్చింది

ఇందులో వచ్చే సూది ఏటీఎన్3600ఎల్. మొన గుండ్రం. హై-ఫై మాటలు మాట్లాడేవాళ్లు ఇది వినగానే పెదవి విరుస్తారు. కోడిగుడ్డు ఆకారపు ఎలిప్టికల్ మొన గాడిలోని సన్నని మలుపుల్ని ఇంతకంటే బాగా పట్టుకుంటుంది, అది నిజమే. కానీ అరవైల అమెరికన్ 45లు కొనేవాళ్లకి గుండ్రటి మొనే మేలు. కారణం స్టైరీన్.

ఆ రోజుల్లో అమెరికాలో చాలా 45లని వినైల్‌తో కాకుండా పాలీస్టైరీన్‌తో పోతపోశారు. కొలంబియా వాళ్ల సింగిల్సే పెద్ద ఉదాహరణ. స్టైరీన్ గట్టిగా ఉంటుంది, పెళుసు, అరుగుదల ఎక్కువ. పదునైన మొన, అరిగిన సూది, అడ్డదిడ్డంగా పెట్టిన బరువు, ఈ మూడింటిలో ఏదున్నా కొన్నిసార్లు వినేసరికే గొంతు వెనకాల బుసబుసమనే శబ్దం చేరిపోతుంది. అది మురికి కాదు, గాడి గోడ రాలిపోవడం. ఎంత కడిగినా పోదు. గుండ్రటి మొన గోడల మీద బరువును కాస్త పంచుతుంది కాబట్టి ఈ నష్టం తక్కువ. స్టైరీన్ రికార్డు మీద సూది ఉంచి వెనక్కి తిప్పడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మీ చేతిలో ఉన్నది స్టైరీనా వినైలా? అంచు పట్టుకుని గోటితో మెల్లగా తట్టండి. వినైల్ మెత్తగా ‘టప్’ అంటుంది, స్టైరీన్ ‘టిక్’మని పలుకుతుంది. స్టైరీన్‌లో లేబుల్ కాగితం పైన అతికించినట్టు కనిపిస్తుంది, వినైల్‌లో ముద్దతోపాటు ఒత్తినట్టు ఇమిడిపోయి ఉంటుంది. మన దేశంలో పోసిన హెచ్‌ఎంవీ 45ల విషయంలో ఈ బెంగ అక్కర్లేదు, అవి వినైలే.

గుండ్రటి మొన వల్ల ఇంకో లాభం. అప్పటి మోనో (ఎడమా కుడీ ఒకే ధ్వని) గాడులు 25 మైక్రాన్ల మొనల కోసం కోసినవి. పార్టీల్లో పిల్లలు బరువైన ప్లేయర్ల మీద వందలసార్లు తిప్పిన అరుగుదలంతా గోడ పైభాగంలో ఉంటుంది. ఈ ప్లేయర్ సూది మొన 15 మైక్రాన్లు. అది కాస్త కిందికి దిగి, అప్పటి సూదులు తాకని చోట పాకుతుంది. చూడ్డానికి బూడిదరంగు తిరిగిన రికార్డు ఒక్కోసారి దీని మీద తేటగా పాడటానికి కారణం ఇదే. కానీ అరవై ఏళ్ల మురికి కూడా ఆ అడుగునే పేరుకుని ఉంటుంది. అందుకే కడగని రికార్డును దీని మీద పెట్టి ‘ప్లేయర్ బాగాలేదు’ అనకూడదు.

బిగించడం

పెట్టె తెరిచి పావుగంటలో పాట వినొచ్చు. ప్లాటర్‌ని మధ్య పుల్లకి దించండి. బెల్టు ప్లాటర్ అడుగున ముందే చుట్టి ఉంటుంది, దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. ప్లాటర్‌లోని కిటికీ మోటారు ఇత్తడి కప్పీ మీదికి వచ్చేదాకా తిప్పి, రిబ్బను పట్టుకుని లాగి బెల్టును కప్పీకి తగిలించండి. బెల్టును వేళ్లతో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటితే అది జారుతుంది, పాట సాగుతుంది. రిబ్బను తీసేశాక ప్లాటర్‌ని చేత్తోనే సవ్యదిశలో పదిసార్లు తిప్పండి, బెల్టులో మెలికలు ఉంటే సర్దుకుంటాయి. ‘కొత్త ప్లేయర్ స్వరం ఊగుతోంది’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం ఈ పదిసార్లు తిప్పకపోవడం వల్లే.

తర్వాత చేతికి కట్టిన తీగ విప్పండి, సూదికున్న తెల్ల తొడుగు ముందుకి లాగి తీయండి. రికార్డు పెట్టకుండానే ఒకసారి స్టార్ట్ నొక్కి వెంటనే స్టాప్ నొక్కండి. రవాణాలో పక్కకి జరిగిన ఆటోమేటిక్ గేర్లు తమ చోటికి వస్తాయి.

వెనక స్విచ్ దగ్గర చాలామంది పొరబడతారు. హోమ్ థియేటర్ ఆక్స్‌కో, యాంప్ ఉన్న స్పీకర్లకో కలిపితే ‘లైన్’. పాత యాంప్లిఫయర్‌లో ‘ఫోనో’ అని రాసిన సాకెట్‌కి కలిపితే ‘ఫోనో’. ఆక్స్‌కి కలిపి ‘ఫోనో’లో ఉంచితే పీలగా, బేస్ లేకుండా, గోడ అవతల నుంచి వినిపించినట్టు ఉంటుంది. ఫోనో సాకెట్‌కి కలిపి ‘లైన్’లో ఉంచితే పగిలిపోయినట్టు అరుస్తుంది.

ప్లేయర్‌ని ఎక్కడ పెట్టాలి? మన ఇళ్లలో దీనికి మంచి జవాబు ముందే కట్టి ఉంది: గోడ అలమరాలో కడప బండ. బరువైనది, ఊగదు. అరచేతంత మట్టపు బుడగ పెట్టి చూసి, వంపుంటే కాళ్ల కింద రబ్బరు ముక్క సర్దండి. స్పీకర్లు మాత్రం అదే బండ మీద పెట్టొద్దు. బేస్ తిరిగి సూదిలోకి ఎక్కి ‘బూ…’మని మోగుతుంది. అలమరా తలుపు మూసేస్తే వేడి నిలుస్తుంది, తీసే ఉంచండి.

మోనో సంగతి

ఇదే ఈ రకం పాటలకి గుండెకాయ. రోనెట్స్ పాడిన ‘బీ మై బేబీ’ (1963) లాస్ ఏంజిలిస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో మోనోలో తయారైంది. ఒకే గదిలో పియానోలు, గిటార్లు, ఇత్తడి వాద్యాలు కుక్కి, ప్రతిధ్వని గదిలోంచి తిప్పి, అన్నీ ఒక ముద్దగా వచ్చేలా మలిచారు. ఆ ముద్ద మధ్యలోంచి ప్రధాన గాయని రోనీ గొంతు చీల్చుకొస్తుంది. స్టీరియోగా విడదీస్తే ఆ పట్టు పోతుంది. అందుకే రికార్డు కొనేటప్పుడు కవరు మీద ‘ఎలక్ట్రానికల్లీ రీప్రాసెస్డ్ స్టీరియో’ అని ఉంటే వదిలేయండి. మోనోను కృత్రిమంగా రెండుగా చీల్చినది అది. బేస్ ఒకపక్కకి, తాళాలు ఒకపక్కకి పోయి మధ్యలో గుంత మిగులుతుంది.

మోనో గాడిలో పాట అంతా అడ్డంగా ఉంటుంది. సూది పైకీ కిందికీ ఊగినదంతా దుమ్మూ అరుగుదలే. స్టీరియో కార్ట్రిడ్జ్ ఆ రెంటినీ వినిపిస్తుంది. ఎడమా కుడీ కలిపేస్తే నిలువు కదలిక రద్దయిపోయి చిటపటలు సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తాయి. యాంప్‌లో మోనో మీట ఉంటే నొక్కితే చాలు. లేకపోతే వై-కేబుళ్లు రెండు వాడొచ్చు, కానీ ఒక జాగ్రత్త: ప్లేయర్ స్విచ్ ‘లైన్’లో ఉండగా ఎడమకుడి తీగల్ని కలపొద్దు. లోపలి ప్రీయాంప్ రెండు అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. స్విచ్ ‘ఫోనో’కి మార్చి, బయటి ప్రీయాంప్‌కి ముందు కలపాలి. అక్కడున్నవి కాయిల్స్ మాత్రమే కాబట్టి ఇబ్బంది లేదు. కేబుళ్లు గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడగండి. ‘రెండు ఆడ, ఒక మగ’ ఒకటి, ‘ఒక ఆడ, రెండు మగ’ ఒకటి అని చెబితే వాళ్లకి అర్థమవుతుంది.

ఏది ఎలా పాడుతుంది

‘బీ మై బేబీ’ మొదట్లో హాల్ బ్లెయిన్ కొట్టే డ్రమ్ములే మంచి పరీక్ష. దీని మీద ఆ దెబ్బలు గట్టిగా, కాస్త పొట్టిగా వినిపిస్తాయి. అడుగు బేస్ లోతు తక్కువే, కానీ ఈ పాటలు కార్ల రేడియోల కోసం, జూక్‌బాక్సుల కోసం కలిపినవి. వాటి ప్రాణం మధ్యస్థాయిలో ఉంది. అక్కడ ఈ ప్లేయర్ నిజాయితీగా ఉంటుంది. షిరెల్స్ పాటల్లో వయొలిన్లు అరుపుగా మారవు. షాంగ్రీ-లాస్ పాటల మధ్యలో మాటలు వస్తాయి, ‘స’కారాలు ఎక్కువ. సూది శుభ్రంగా ఉంటే అవి నిలబడతాయి, చిన్న దుమ్ము ఉండ చిక్కుకున్నా ‘ష’లుగా మారతాయి. క్రిస్టల్స్ పేరుతో 1962లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లిన ‘హీజ్ ఎ రెబెల్’ పాడింది నిజానికి డార్లీన్ లవ్, ఆమెతో బ్లాసమ్స్. క్రిస్టల్స్ తామే పాడిన రికార్డు పక్కన పెట్టి వింటే ఆ గొంతు తేడా ఈ మాత్రం ప్లేయర్ మీద కూడా స్పష్టంగా తెలుస్తుంది. లేబుల్ మీద పేరు లేని గొంతుకి చెవితో పేరు పెట్టుకోవడం కోసమే చాలామంది ఈ రికార్డులు వెతుకుతారు.

45ల మీద దీని బలహీనత అంతగా బయటపడదు. కారణం లెక్కే. 7 అంగుళాల 45 మొదట్లో గాడి సూది కింద సెకనుకి దాదాపు 40 సెంటీమీటర్లు పరిగెడుతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 25. రెండున్నర నిమిషాల పాట అయితే లేబుల్ దాకా వెళ్లకముందే అయిపోతుంది. ఎల్‌పీ చివర్లో మాత్రం ఆ పరుగు 21కి పడిపోతుంది. నాజియా హసన్ ‘డిస్కో దీవానే’ (1981, హెచ్‌ఎంవీ, బిద్దూ సంగీతం) పెట్టి చూడండి. ప్రతి వైపూ మొదటి పాట మెరుస్తుంది, చివరి పాటలో గొంతు అంచులు గరుకుగా వస్తాయి. గుండ్రటి మొనతో ఇది తప్పదు. మీ దగ్గర ఉన్నవి ఎక్కువగా డిస్కో ఎల్‌పీలైతే ఎలిప్టికల్ సూది వేయగల, బరువు సర్దుకోగల ప్లేయర్‌కి డబ్బు దాచుకోవడమే మంచిది.

పాడయ్యేవి, పాడుచేసేవి

సైజు మీట. ఇది 12 మీద ఉండగా 45 పెట్టి స్టార్ట్ నొక్కితే చేయి పెద్ద రికార్డు అంచు ఉండాల్సిన చోటికి వెళ్లి దిగుతుంది. అక్కడ రికార్డు లేదు. సూది చావడానికి అదొక్కసారి చాలు. ముందు 7 మీదికి తిప్పి, తర్వాతే రికార్డు పెట్టే అలవాటు చేసుకోండి.

పెద్ద రంధ్రం. అమెరికన్ 45ల రంధ్రం 38 మిల్లీమీటర్లు, అడాప్టర్ చుట్టూ కాస్త వదులుంటుంది. రికార్డు ఒక్క మిల్లీమీటరు పక్కకి కూర్చున్నా లోపలి గాడుల దగ్గర స్వరం 1.9 శాతం దాకా పైకీ కిందికీ ఊగుతుంది. ఈ ప్లేయర్ సొంత ఊగిసలాట కంపెనీ లెక్కల్లో 0.25 శాతం లోపే. అంటే గొంతు తేలుతున్నట్టు వినిపిస్తే తప్పు చాలాసార్లు రికార్డు కూర్చున్న తీరుదే. తిరుగుతుండగా చేతిని పైనుంచి చూడండి. ప్రతి చుట్టుకీ ఎడమకీ కుడికీ జరుగుతుంటే ఎత్తి మళ్లీ కూర్చోబెట్టండి.

వేగం కొలిచే కాగితం చక్రం. ప్లాటర్ మీద పెట్టి బల్బు కింద చూస్తే, వేగం సరిగా ఉన్నప్పుడు దాని గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి. అమెరికా నుంచి తెప్పిస్తే 60 హెర్ట్జ్‌ది వస్తుంది, మన కరెంటు 50. 50 హెర్ట్జ్ చక్రంలో 33⅓కి 180 గీతలు, 45కి 133 గీతలు ఉండాలి. 45 వరసలో 160 ఉంటే అది వాళ్ల చక్రం, మనకి పనికిరాదు. మంచి ఎల్‌ఈడీ బల్బు కింద గీతలు నిలిచినట్టు కనపడవు. పాత ఫిలమెంట్ బల్బో ట్యూబులైటో వెతకండి.

కరెంటు అడాప్టర్. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ప్లేయరైతే దాని మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చదవకుండా ప్లగ్గులో పెట్టొద్దు. మోటారు నడిచేది డీసీ మీద కాబట్టి ఇన్వర్టర్ మీద వేగం మారదు. ఇన్వర్టర్ లేని ఇంట్లో పాట మధ్యలో కరెంటు పోతే సూది గాడిలోనే నిలబడిపోతుంది. చేయి తనంతట తాను వెనక్కి రావాలంటే ప్లాటర్ తిరగాలి. అప్పుడు లిఫ్ట్ మీటతో సూదిని పైకెత్తి ఉంచండి.

ఫెల్ట్ మ్యాట్ బదులు మందపాటి రబ్బరు మ్యాట్ వేయాలనిపిస్తుంది. ఈ చేతికి ఎత్తు సర్దే ఏర్పాటు లేదు కాబట్టి అసలు మ్యాట్ మందం దాటకూడదు.

ఎండ, తేమ, నీళ్లు

మే నెల బెజవాడలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రికార్డు ముద్ద 60 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తూ కారులో రికార్డుల సంచి వదిలేస్తే ఆ వేడి చాలు. పడమటి గోడకి ఆనించిన అలమరా కూడా వద్దు. రికార్డులు నిటారుగా, వదులుగా కాకుండా బిగుసుకోకుండా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి దొంతర పెడితే ఒక్క వేసవిలో గిన్నెల్లా వంగుతాయి.

వానాకాలంలో కాగితం కవర్లు తేమ పీల్చి, రికార్డు మీద తెల్లటి చుక్కలుగా బూజు కడతాయి. లోపలి కవరు పాలీథీన్‌దో పాలీప్రొపిలీన్‌దో వాడండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకి రికార్డుకి అంటుకుని మసక పొర వదులుతాయి, అది శబ్దంగా వినిపిస్తుంది.

కడగడానికి కుళాయి నీళ్లు వద్దు. ఆరాక లవణాలు గాడిలోనే ఉండిపోతాయి. ఇంట్లోని ఆర్‌ఓ నీళ్లు కూడా సరిపోవు. ఆటోనగర్ బ్యాటరీ దుకాణాల్లో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది, కానీ నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూసి 5 లోపు ఉంటేనే తీసుకోండి. లీటరుకి రంగూ వాసనా లేని సబ్బు ద్రవం మూడు నాలుగు చుక్కలు. వినైల్ అయితే ఇందులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నూటికి ఐదు పాళ్లు కలపొచ్చు. స్టైరీన్‌కి కలపొద్దు. లక్క రికార్డుకి అసలే వద్దు, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మెత్తటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా రుద్దాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో మరోసారి కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి అరగంట ఆరనివ్వండి. ఫ్యాను ఆపేయండి, లేకపోతే బందరు రోడ్డు దుమ్మంతా తడి గాడిలో కూర్చుంటుంది.

78ల గురించి ఒక మాట. మన దేశంలో అరవైల్లో కూడా పాప్ పాటలు లక్క రికార్డుల మీద వచ్చాయి, బీటిల్స్‌వి సైతం. అవి దొరికితే ఈ ప్లేయర్ మీద ప్రయత్నించకండి. వేగం లేదు, పైగా ఆ వెడల్పు గాడికి ఈ సూది ఐదోవంతు. అడుగున దొర్లి రెంటినీ పాడుచేస్తుంది.

సూది నాలుగైదు వందల గంటలకి మార్చాలి. రెండున్నర నిమిషాల పాటలు రోజుకి ఇరవై వింటే దాదాపు యాభై నిమిషాలు, అంటే ఏడాదిన్నర. మార్చడం తేలిక: ముందు భాగాన్ని వేలితో కిందికి నొక్కి ముందుకి లాగితే ఊడుతుంది, కొత్తది అదే కోణంలో పెట్టి ‘టక్’మనేదాకా పైకి నొక్కాలి. ఏటీఎన్3600ఎల్ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి. భూతద్దంలో చూస్తే మొన ఒకపక్కకి వాలి కనిపించేవి అవే, వాటిని మంచి 45 మీద పెట్టొద్దు.